‘ఏం గాదు’ అనే మత్తు

మా వేములవాడలో పైలట్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. విమానం నడిపేవాళ్ల గురించి కాదు, 108 అంబులెన్సు నడిపేవాళ్ల గురించి. రాజన్న గుడి దగ్గర జాతర రద్దీలో ఎవరైనా సొమ్మసిల్లి పడిపోతే, మర్నాడు పేపర్లో ‘108 సిబ్బంది, పైలట్ ఫలానా’ అని పేరు వస్తుంది. ఆ పిలుపులో గౌరవంతో పాటు ఒక నిజం ఉంది. వెనక పడుకున్న మనిషి ప్రాణం ముందు కూర్చున్న మనిషి చేతిలో ఉన్నప్పుడు ఆ ముందు మనిషిని డ్రైవర్ అంటే సరిపోదని ఎవరికో తోచింది. అందుకే పైలట్ అన్నారు.

అసలు విమానం కూడా మాకు దూరం కాదు. వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల దుబాయికో సౌదీకో మనిషిని పంపని ఊరు అరుదు. శంషాబాద్‌లో విమానం ఎక్కే కొడుకును తల్లి ఒక పేరు తెలియని పైలట్‌కు అప్పగించి వస్తుంది. అందుకని ఆ పైలట్ మనసు ఏ స్థితిలో ఉంటుందన్నది పత్తి చేను పక్కన కూర్చున్నవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్నే.

ఆ ప్రశ్నలో ఈమధ్య ఒక ముడి పడింది. కొన్ని దేశాలు గంజాయిని సరదాకు వాడటాన్ని చట్టబద్ధం చేశాయి. మన దగ్గర అది నేరమైనా కాలేజీ కుర్రాళ్ల చేతుల్లోకి చాక్లెట్ రూపంలో కూడా చేరుతోంది. ‘డ్యూటీలో లేనప్పుడు, సెలవు రోజున, ఎవరికీ హాని చేయకుండా తాగితే పైలట్‌కు మాత్రం తప్పేమిటి?’ అని అడిగేవాళ్లు ఉన్నారు. దీన్ని తిట్టి తోసెయ్యకుండా చట్టం, వైద్యం, ప్రమాదాల చరిత్ర ఏం చెబుతున్నాయో వరుసగా చూడాలి.

చట్టం గీసిన గీతలు

మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని ఇలా నిర్వచించింది: ఆ మొక్క పూత, కాత ఉన్న కొసలు గంజాయి. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఆకు నూరి చేసే భంగు ఈ చట్టానికి బయట నిలిచింది అందుకే. కిలో లోపు గంజాయి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా కఠిన శిక్ష.

విమానం నడిపేవాళ్లకు దీని మీద మరో గీత ఉంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021లో మత్తు పదార్థాల పరీక్షల మీద నిబంధనలు తెచ్చి, 2022 జనవరి 31 నుంచి అమల్లో పెట్టింది. విమానయాన సంస్థలు ఏటా తమ పైలట్లలో, గగనతల నియంత్రణ సంస్థ తన కంట్రోలర్లలో కనీసం 10 శాతం మందిని ముందుగా చెప్పకుండా పరీక్షించాలి. ఉద్యోగంలోకి తీసుకునే ముందు, శిక్షణ సంస్థలో విద్యార్థిని చేర్చుకునే ముందు కూడా పరీక్ష ఉండాలి. గంజాయి, కొకైన్, నల్లమందు జాతి పదార్థాలు, ఆంఫెటమిన్లు, నిద్రమాత్రల్లో వాడే బార్బిట్యురేట్లు, బెంజోడయజెపైన్లు ఆ జాబితాలో ఉన్నాయి. మొదటిసారి దొరికితే వ్యసన విముక్తి కేంద్రానికి పంపుతారు. రెండోసారికి లైసెన్సు మూడేళ్లు ఆగిపోతుంది. మూడోసారి రద్దవుతుంది.

ఈ నిబంధన ఊరికే రాలేదని మొదటి ఏడాదే తెలిసింది. 2022 ఆగస్టు నాటికి ముగ్గురు పైలట్లు, ఒక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పరీక్షలో తప్పారు. ఆగస్టులో దొరికిన పైలట్ నమూనాలో బయటపడింది గంజాయే.

గంజాయి చట్టబద్ధమైన చోట కూడా పైలట్‌కు సడలింపు రాలేదు. కెనడా 2018 అక్టోబరు 17న సరదా వాడకానికి అనుమతిచ్చింది. ఏడాది తిరగకుండానే, 2019లో, అక్కడి రవాణా శాఖ విమాన సిబ్బంది డ్యూటీకి ముందు 28 రోజుల పాటు గంజాయి ముట్టరాదని ఆదేశించింది. అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు 2012లోనే ఓటు వేసి అనుమతించినా, కేంద్ర చట్టం కింద పనిచేసే విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మాత్రం రాష్ట్ర చట్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లో కూర్చుని గంజాయి తాగడానికి పౌరుడిగా ఉన్న హక్కు కాక్‌పిట్ తలుపు దగ్గర ఆగిపోతుందని ఆ దేశాలు తేల్చాయి.

ప్రయోగాల్లో తేలింది

గంజాయిలో మత్తు కలిగించే పదార్థం టీహెచ్‌సీ. మెదడులో జ్ఞాపకాన్ని, కదలికల పొందికను, కాల జ్ఞానాన్ని చూసుకునే భాగాల మీద అది పనిచేస్తుంది. విమానం దించే పైలట్ ఒకేసారి ఎత్తు, వేగం, దిశ, గాలి, రేడియోలో వచ్చే మాట, పక్కనున్న కో పైలట్ గొంతు అన్నీ పట్టుకోవాలి. ఇప్పుడే విన్న అంకెను పది సెకన్ల తర్వాత గుర్తుంచుకోవాలి. గంజాయి దెబ్బతీసేది ఈ పనినే.

1976లో అమెరికాలో పది మంది పైలట్లకు గంజాయి ఇచ్చి సిమ్యులేటర్‌లో నడిపించారు. అరగంటలో అందరి నైపుణ్యమూ తగ్గింది, ఆ తగ్గుదల కనీసం రెండు గంటలు ఉంది. దీని మీద ఎవరికీ వాదన లేదు. తాగిన వెంటనే విమానం నడపరాదని గంజాయిని సమర్థించేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. తగవంతా మర్నాటి గురించి.

1985లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన యెసవేజ్ బృందం అనుభవమున్న పది మంది పైలట్లకు 19 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న ఒక్క సిగరెట్ ఇచ్చింది. 24 గంటల తర్వాత సిమ్యులేటర్‌లో దించమంటే, చక్రాలు రన్‌వే నడిమి గీతకు పడిన దూరం తాగకముందు కన్నా పెరిగింది. అదే బృందం 1989లో మరో ప్రయోగం చేస్తే ఒక గంటకు, నాలుగు గంటలకు లోపం కనిపించింది గాని 24 గంటలకు కనిపించలేదు. 1991లో తొమ్మిది మంది పైలట్లతో మళ్లీ చేశారు. 24 గంటల తర్వాత ఏడుగురిలో ఏదో ఒక లోపం కనిపించింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే నిజాయితీగా చెప్పగలిగింది ఒకటే. మర్నాటి ప్రభావం అందరిలో, అన్నిసార్లూ ఒకేలా ఉండదు. పాల్గొన్నవాళ్లు కూడా కొద్దిమందే. ఇవి చిన్న ప్రయోగాలు. అయితే వాటిలో నన్ను పట్టి ఆపింది రన్‌వే కొలత కాదు. 1985లో లోపం చూపిన పైలట్లకు తమలో తేడా ఉందనే అనిపించలేదు. 1991లో తొమ్మిది మందిలో ఒక్కరు మాత్రమే ‘ఇంకా ప్రభావం ఉన్నట్టుంది’ అన్నారు. చేయి తప్పుతోంది, మనసు మాత్రం బాగానే ఉన్నానంటోంది.

ఆ ప్రయోగాల నాటికీ నేటికీ సరుకు కూడా మారింది. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ 1995లో దాదాపు 4 శాతం ఉంటే 2014 నాటికి 12 శాతం దాకా చేరింది. పొగగా పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. చాక్లెట్‌గా తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. ఏం కాలేదే అని ఇంకోటి తింటారు. ఆ తర్వాత ఎక్కిన మత్తు పొగ కన్నా ఎక్కువసేపు ఉంటుంది.

ప్రమాదాలు చెప్పినవి

గంజాయి వల్లనే పెద్ద ప్రయాణికుల విమానాలు వరసగా కూలిపోయాయని చెప్పడం అబద్ధమవుతుంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 1990 నుంచి 2012 దాకా ప్రమాదాల్లో మరణించిన 6,677 మంది పైలట్ల పరీక్షలను చదివి 2014లో ఒక అధ్యయనం వెలువరించింది. వాళ్లలో అత్యధికులు సొంత చిన్న విమానాలు నడిపేవాళ్లు. నిషిద్ధ మత్తుల్లో ఎక్కువగా కనిపించింది గంజాయే. మొదటి ఏళ్లలో 1.6 శాతం ఉన్నది చివరి ఏళ్లలో 3 శాతానికి పెరిగింది. అంతకన్నా ఎక్కువ మందిలో కనిపించింది దగ్గు, జలుబు మందుల్లో ఉండే, నిద్ర తెప్పించే డైఫెన్‌హైడ్రమిన్. శరీరంలో మందు జాడ ఉన్నంత మాత్రాన ప్రమాదానికి అదే కారణం కాదని బోర్డే హెచ్చరించింది.

అయినా రెండు సంఘటనలను మరిచిపోకూడదు. 2012 జనవరి 7న న్యూజిలాండ్‌లోని కార్టర్‌టన్ దగ్గర ప్రయాణికులను ఎక్కించుకున్న వేడిగాలి బెలూన్ కరెంటు తీగలకు తగిలి 11 మంది చనిపోయారు. పైలట్ రక్తంలో టీహెచ్‌సీ ఉంది. పైలట్ వరుసగా తప్పు నిర్ణయాలు తీసుకున్నాడని, అందులో గంజాయి పాత్రను కొట్టిపారేయలేమని దర్యాప్తు కమిషన్ చెప్పింది.

రెండోది రైలు. 1987 జనవరి 4న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం చేజ్ అనే చోట గూడ్స్ ఇంజన్లు సిగ్నల్ దాటి ప్రయాణికుల రైలు దారిలోకి వచ్చేశాయి. 16 మంది ప్రాణాలు పోయాయి. ఇంజన్‌లో ఉన్న ఇద్దరూ గంజాయి తాగి ఉన్నారు. సిగ్నల్ మారితే మోగి హెచ్చరించాల్సిన ఈలకు టేపు చుట్టి ఉంది. ఆ ప్రమాదం ఊతంగానే 1991లో అమెరికా రవాణా రంగమంతటికీ మత్తు పరీక్షల చట్టం తెచ్చింది. నాకు మాత్రం ఆ టేపు గంజాయి కన్నా ఎక్కువ చెబుతుంది. హెచ్చరిక విసుగు పుట్టిస్తోందని దాని నోరు మూసిన మనసుకూ, డ్యూటీలో దమ్ము కొడితే ఏం కాదనుకున్న మనసుకూ తేడా లేదు.

ఎదుటివాళ్ల మాట

పరీక్షలను తప్పుపట్టేవాళ్ల వాదనల్లో బలం ఉంది. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. అది విరిగి ఏర్పడే పదార్థం అప్పుడప్పుడు తాగేవాళ్ల మూత్రంలో కొన్ని రోజులు, రోజూ తాగేవాళ్లలో కొన్ని వారాలు కనిపిస్తుంది. అంటే పరీక్షలో తప్పిన పైలట్ ఆ రోజు మత్తులో ఉన్నాడని అర్థం కాదు. మద్యం సంగతి వేరు. మన దేశంలో పైలట్ విమానానికి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు, డ్యూటీ నాడు ఊదితే సున్నా రావాలి. అమెరికాలో అది 8 గంటలే. నిన్న మధ్యాహ్నం విందులో తాగినవాడు ఈ రోజు నిశ్చింతగా విమానం ఎక్కుతాడు, రెండు వారాల కిందట సెలవులో గంజాయి తాగినవాడు పట్టుబడతాడు. ఇది న్యాయమా అన్నది వాళ్ల ప్రశ్న.

దీనికి నా జవాబు రెండు భాగాలు. మద్యానికి ఊపిరిలో కొలిచే సాధనం ఉంది, ఎన్ని గంటల్లో దిగుతుందో లెక్క ఉంది. గంజాయికి అలాంటి నమ్మకమైన కొలత ఇంకా లేదు. మన ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ల చేత ఊదించే యంత్రానికి కూడా గంజాయి అందదు. కొలవలేని ప్రమాదానికి గడువు పెట్టడం కష్టం. కెనడా 28 రోజులని అంత దూరం జరగడానికి కారణం అదే. అనుమానం ఎటు పోవాలో తెలియనప్పుడు అది ప్రయాణికుడి వైపు నిలవాలి. వెనక కూర్చున్నవాడికి అడిగే అవకాశం లేదు కదా.

రెండోది ఇంతకన్నా ముఖ్యం. పరీక్ష చూసేది శరీరంలోని జాడనే అయినా, దాని వెనక ఉన్న ప్రశ్న ఆ జాడ గురించి కాదు. తెలిసి తెలిసి, నిబంధన ఉందని ఎరిగి, నాకేం కాదని ఒక దమ్ము లాగిన మనిషి, రేపు వర్షంలో రన్‌వే కనపడనప్పుడు ఏమనుకుంటాడు అన్నదే ఆ ప్రశ్న.

పైలట్‌కు కావలసిన మనసు

పైలట్ల శిక్షణలో ప్రమాదకరమైన ఐదు ధోరణులను చెబుతారు. మన మాటల్లో అవి ఇలా ఉంటాయి. ‘నాకు ఒకడు చెప్పేదేంది?’ ‘ఏదో ఒకటి జెల్ది చేసెయ్యి.’ ‘నాకేం గాదు.’ ‘నేను చేసి చూపిస్త చూడు.’ ‘నా చేతుల ఏమున్నది, అయ్యేది అయితది.’ ప్రతి ధోరణికీ ఒక విరుగుడు మాట నేర్పుతారు. నాకేం గాదు అనిపించిన క్షణాన ‘నాకూ కావచ్చు’ అని తనకు తాను చెప్పుకోవాలి.

ఎక్కే ముందు తనను తాను తనిఖీ చేసుకునే పద్ధతి కూడా ఉంది. ఒంట్లో బాగుందా, ఏ మందైనా వేసుకున్నానా, మనసులో ఒత్తిడి ఉందా, తాగానా, నిద్ర సరిపోయిందా, కోపమో దుఃఖమో వెంటాడుతోందా? విమానం చక్రాలను, రెక్కలను చూసినట్టే తన్ను కూడా చూసుకోవడం అది. భద్రత అంటే ధైర్యమనుకుంటాం గాని, పైలట్ విషయంలో అది తన మీద తనకున్న అనుమానం. ఆ అనుమానాన్ని రోజూ పదును పెట్టుకోవాలి.

గంజాయి సరిగ్గా అక్కడే దెబ్బ తీస్తుంది. స్టాన్‌ఫర్డ్ ప్రయోగాల్లో పైలట్లు రన్‌వే గీతకు దూరంగా దిగడం ఒక లోపం. దిగినట్టు తమకు తెలియకపోవడం రెండో లోపం. మొదటిదాన్ని సరిచేయగలిగింది ఆ తెలివిడే. అది పోయినప్పుడు సరిచేసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఈ మనసు లోపించడానికి గంజాయే ఉండాలని లేదు. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ప్రయాణంలో ఎక్కువసేపు కెప్టెన్ నిద్రపోయి లేచాడు. కో పైలట్ దించవద్దని, మళ్లీ పైకి లేపమని చెప్పినా విమానం దిగింది. 2020 ఆగస్టు 7న కూడా దుబాయి నుంచే కోళికోడ్ వచ్చిన విమానం వర్షంలో రన్‌వే సగం దాటాక నేల తాకింది, 21 మంది పోయారు. అక్కడా మళ్లీ లేపమన్న మాట వినిపించింది. కెప్టెన్ వైద్యులకు చెప్పకుండా మధుమేహం మాత్రలు వాడుతున్నాడని, వాటి వల్ల ఆలోచన కొంత మందగించి ఉండవచ్చని దర్యాప్తు నివేదిక రాసింది. ఒక చోట నిద్ర, ఇంకో చోట మాత్రలు. గంజాయి రెండు చోట్లా లేదు. అయినా మనిషి తన లోపాన్ని తాను తక్కువగా అంచనా వేసుకున్న తీరు అదే. రెండు విమానాలూ గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్నవాళ్లవి. మన వాడకట్టు మనుషుల్లాంటి వాళ్లవి.

పరీక్ష ఒక్కటే చాలదు

భయం పెడితే దాస్తారు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ కో పైలట్ తన మానసిక జబ్బును సంస్థకు దాచి, 150 మందితో విమానాన్ని ఆల్ప్స్ కొండలకు గుద్దాడు. ఆ తర్వాత ప్రపంచమంతా పైలట్లకు తోటి పైలట్లే అండగా నిలిచే ఏర్పాట్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. అమెరికాలో మద్యానికి బానిసైన పైలట్లను చికిత్స చేయించి, ఏళ్ల తరబడి గమనిస్తూ తిరిగి డ్యూటీకి తెచ్చే పథకం 1970ల నుంచీ నడుస్తోంది. మన నిబంధన మొదటిసారి దొరికినవాడిని జైలుకు కాక చికిత్సకు పంపడం ఆ దారిలో వేసిన అడుగే. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కూడా తానుగా చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి రక్షణ ఇస్తుంది. దొరికినవాడికి చికిత్స ఇవ్వడం మంచిదే. దొరకకముందే ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అని చెప్పినవాడి లైసెన్సు, జీతం పోకుండా చూడటం ఇంకా మంచిది. అది విమానయాన సంస్థలు ఇప్పుడు పట్టించుకోవాల్సిన పని.

మన దగ్గర నుంచి

ఉమ్మడి ఆదిలాబాద్‌లో పత్తి, కంది చేలల నడుమ గంజాయి మొక్కలు పట్టుబడటం మనం ఏటా చదివే వార్తే. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల నుంచి మహారాష్ట్ర వైపు పోయే సరుకుకు తెలంగాణ ఒక దారి. రాష్ట్ర యాంటీ నార్కోటిక్స్ బ్యూరోను 2025 జూన్‌లో ‘ఈగల్’గా మార్చింది ఈ పోరు కోసమే. శివరాత్రి నాడు బైరాగులు చిలుము పట్టడం చూసి పెరిగినవాళ్లం కాబట్టి, ‘అది శివయ్యదే కదా, ఆకే కదా’ అనే మాట మన నోటికి తేలిగ్గా వస్తుంది. భక్తిని నేను తప్పుపట్టను. పైలట్ కావాలనుకునే పిల్లకు, పిల్లవాడికి ఒక సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. హోలీ నాడు తాగిన భంగు ఎన్‌డీపీఎస్ నిర్వచనంలోకి రాకపోవచ్చు గాని, మూత్ర పరీక్షకు ఆ తేడా తెలియదు. అందులో ఉన్నదీ టీహెచ్‌సీయే.

అలాంటి పిల్లలు మన దగ్గర ఉన్నారు. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన పాత రన్‌వేను చూసి విమానం కలగన్నవాళ్లు ఉంటారు. హైదరాబాద్ పక్కన నాదర్‌గుల్‌లో శిక్షణ కోసం భూమి అమ్మి ఫీజు కట్టే తండ్రులు ఉంటారు. పొలాల మీద మందు కొట్టే డ్రోన్‌కు కూడా ఇవాళ ధ్రువపత్రం ఉన్న పైలట్ కావాలి. 108 పైలట్ ఉండనే ఉన్నాడు. వీళ్లందరికీ కావలసిన మనసు ఒక్కటే, అది కాక్‌పిట్‌లో కూర్చున్న రోజున హఠాత్తుగా పుట్టదు.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. అందులో మత్తు లేదు. పట్టేదానికన్నా ఎంతో ఎక్కువ మంది, వందకు పైగా ఎక్కిన బస్సు ఉంది. ఇంకొకరు ఎక్కితే ఏం గాదు అన్న మాట దారిలోని స్టాపుల్లో ఎన్నిసార్లు వినిపించి ఉంటుందో మనకు తెలుసు, ఎందుకంటే మనమూ అన్నాం. హెల్మెట్ లేకుండా పిల్లవాడికి బండి తాళం ఇచ్చినప్పుడు అంటాం, జ్వరం గోళీ వేసుకుని రాత్రంతా కారు నడిపినప్పుడు అంటాం. గంజాయి ఆ మాటను పుట్టించలేదు. మన నోట ముందే ఉన్నదానికి బలమిచ్చింది.

మంగళూరులోనూ కోళికోడ్‌లోనూ కో పైలట్ నోట వచ్చిన మాట మన భాషలో చెప్పుకుంటే రెండు ముక్కలు: ‘ఆగు, మళ్లీ చూద్దాం.’ చెప్పినవాళ్లు చెప్పారు. వినాల్సిన మనసు ఆ క్షణాన లేదు. అలా వినే మనసును మత్తుకు, అలసటకు, గర్వానికి దూరంగా కాపాడుకోవడమే పైలట్ వృత్తి. అది ఇంట్లో మొదలవ్వాలి. పిల్లలు మన నోట ‘ఏం గాదు తియ్’ అన్న మాట ఎన్నిసార్లు వింటున్నారో, ‘ఆగు, చూద్దాం’ అన్నది ఎన్నిసార్లు వింటున్నారో ఒక్కరోజు లెక్కపెట్టుకుంటే చాలు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.